పూవయ్యకు ముందే పేల్చిన తుపాకీ

పోయిన నెల ఎవరో ఇద్దరు కుర్రాళ్ళు కెమెరా పట్టుకుని మా హొళేపేట వచ్చారు. బాచిమాడ పూవయ్య గారు నడిపిన విమానం గురించి చెప్పమని నన్ను అడిగారు. విమానం సంగతి నాకేం తెలుసు? నాకు తెలిసింది ఆ మనిషి, ఆయన బస్‌స్టాండు. ఆ రెండూ చెప్తానంటే వాళ్ళకి అక్కర్లేదట. కాఫీ తాగి వెళ్ళిపోయారు. వాళ్ళకి చెప్పనిది మీకు చెప్తాను.

ముందు నా సంగతి. నాది కోవూరు. పెళ్ళయి ఈ కొడగు కొండల్లోకి వచ్చాను. మా ఆయన బస్సుల మెకానిక్కు. వచ్చిన మొదటి ఏడాది వానకీ జలగలకీ కూర్చుని ఏడ్చాను. తర్వాత ఏడవడం దండగని తెలిసి, బస్సులు ఆగే చోటికి ఎదురుగా మెస్సు పెట్టాను. అప్పట్నుంచి ఊరందరికీ నేను మెస్సక్కని. నా అసలు పేరు రేషన్ కార్డుకి తప్ప ఎవరికీ అక్కర్లేదు. నా నోరు మంచిది కాదంటారు. నోరు మంచివాళ్ళని ఒక్క ఏడాది మెస్సు నడిపి చూపించమనండి, చూద్దాం.

నేను వచ్చిన మరుసటేడే డెబ్భై ఒకటి యుద్ధం. డిసెంబరు నెల, కాఫీ పళ్ళ కోత మొదలైంది. నేను వాకిట్లో కూర్చుని బియ్యం ఏరుతున్నాను. కొండ మీంచి తుపాకీ మోగింది. ఊపిరి తీసుకునేలోపు ఇంకోటి. ఎవరో అడవిపందిని కొట్టారనుకుని నా బియ్యం నేను ఏరుకుంటున్నాను. పక్కింటి కావేరమ్మ మాత్రం చేట కింద పెట్టి లేచి నిలబడింది.

"ఏమైంది కావేరక్కా?"

"రెండు మోగాయి కదే. ఎవరో పోయారు."

"మరి ఒకటే మోగితే?"

"మగపిల్లాడు పుట్టినట్టు. లే లే, ఇంటికొకరు వెళ్ళాలి. రెండు మోగాక ఇంట్లో కూర్చోకూడదు."

ఇక్కడ అంతే. రెండు వినబడితే పొలంలో ఉన్నవాడు పార భుజాన వేసుకుని, వంట చేస్తున్నది పొయ్యి ఆర్పి, ఎవరింట్లో మోగితే ఆ ఇంటికి నడుస్తారు. ఎవరు పోయారని దారిలో అడగరు. ఆ గడపకి వెళ్ళి అడుగుతారు.

ఆ రోజు మోగింది బాచిమాడ వాళ్ళ పెద్దింట్లో. పూవయ్య ఆ ఇంటి కుర్రాడు. విమానదళంలో పెద్ద ఆఫీసరు. పడమటి సరిహద్దు దాటి బాంబులు వెయ్యడానికి వెళ్ళి తిరిగి రాలేదు. "కనిపించడం లేదు, మరణించి ఉండవచ్చు" అని తంతి వచ్చింది. తల్లిదండ్రులు చిన్నప్పుడే పోతే ఆ పిల్లవాణ్ణి పెంచింది పెద్దనాన్న కుట్టయ్య గారు. ఇంటికి పెద్ద. మీసం మీద నిమ్మకాయ నిలబెట్టగలిగిన మనిషి. తంతి తెచ్చిన పోస్టుమాస్టరు ఆయనకి నచ్చజెప్పబోయాడట.

"అయ్యా, ముందు కనిపించడం లేదనే రాశారు. కొన్నాళ్ళు చూద్దాం."

"కనిపించకుండా ఎక్కడికి పోతాడయ్యా? బాచిమాడ ఇంటి పిల్లవాడు శత్రువు ముందు చేతులెత్తుతాడా? వాడు పట్టుబడే రకం కాదు. పట్టుబడలేదంటే పోయినట్టే." అని కుట్టయ్య గారు గోడకున్న తుపాకీ తీశారు.

చూశారా తొందర! పిల్లవాడు పట్టుబడ్డాడంటే ఇంటికి తలవంపు. పోయాడంటే గౌరవం. అందుకని పోయాడనే ఖాయం చేసేశారు. కర్మ చేశారు, ఊరందరికీ అన్నం పెట్టారు. నేనూ తిన్నాను.

అదే వారం అలాంటి తంతి ఇంకోటి వచ్చింది. వాగు అవతల గుడిసెలాంటి ఇంట్లో ఉండే చోందమ్మకి. ఆవిడ మొగుడు పోయిన మనిషి, ఒక్కడే కొడుకు, మొణ్ణప్ప. మామూలు సిపాయి. వాడూ కనిపించడం లేదట. ఆవిడ మరుదులు తుపాకీ పట్టుకుని వాకిట్లోకి వెళ్ళి, "ఏమంటావు వదినా, పేల్చమంటావా?" అని అడిగారు.

"మీ ఇంట్లో పేల్చుకోండి," అంది చోందమ్మ. "కనిపించడం లేదన్నారు గాని చచ్చాడనలేదు. నా కోడి కనిపించకపోతే చచ్చిందని మసాలా నూరుకుంటానా? వెతుక్కుంటాను."

పాపం, పిచ్చిది, అన్నారు ఊళ్ళో. నేనూ అనే ఉంటాను.

ఆ వేసవిలో ఊరివాళ్ళు చందాలు వేసుకుని పూవయ్య పేరు మీద బస్‌స్టాండు కట్టారు. అంతకుముందు వానలో గొడుగులు పట్టుకుని నిలబడేవాళ్ళం. నాలుగు స్తంభాలు, పెంకుల కప్పు, చుట్టూ కూర్చోవడానికి రాతి అరుగు. లోపలి గోడకి నల్లరాయి. దాని మీద "వీరమరణం పొందిన ఫ్లైట్ లెఫ్టినెంట్ బాచిమాడ పూవయ్య జ్ఞాపకార్థం" అని చెక్కించారు. సున్నం ఇంకా ఆరనేలేదు, ఎక్కడినుంచో ఉత్తరం వచ్చింది. పూవయ్య బతికే ఉన్నాడు. అవతలి దేశం జైలు ఆసుపత్రిలో ఉన్నాడు. దవడ విరిగి మాట్లాడలేక, చేతులు కాలి రాయలేక ఇన్నాళ్ళూ తన పేరు కూడా చెప్పుకోలేదట.

ఆ ఉత్తరం అందిన రోజు కుట్టయ్య గారు సంతోషంతో ఎగిరి గంతేశారనుకుంటారేమో. లేదు. తుపాకీ తీసి అటక మీద పారేసి, గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నారు.

ఆ ఏడాది చివర్లో పూవయ్య మైసూరు బస్సులో వచ్చాడు. ఊరు ఊరంతా బస్‌స్టాండులోనే ఉంది. నా మెస్సులో చట్నీ మాడిపోతున్నా నేనూ అక్కడే ఉన్నాను. బస్సు దిగాడు. సన్నగా, పొడుగ్గా, ఎడమ చెయ్యి వంకరగా ఒంటికి అతుక్కుని ఉంది. ఎవరినీ పలకరించకుండా ముందు ఆ నల్లరాయి దగ్గరికెళ్ళి చదివాడు.

"అక్షరాలు బాగున్నాయి పెద్దనాన్నా," అన్నాడు. "ఎవరు చెక్కారు?"

అంతే, కుట్టయ్య గారు భోరుమన్నారు. "ఒరేయ్ పూవయ్యా! నీకు తుపాకీ పేల్చేశాన్రా! ఈ చేత్తోనే పేల్చాన్రా!"

"నాకు వినబడలేదు పెద్దనాన్నా. వినబడితే అప్పుడే పోయేవాణ్ణి. మీ మాట ఎప్పుడు కాదన్నాను?"

జనం నవ్వారు, ఏడ్చారు. ఇంతలో గుంపును మోచేతులతో తోసుకుంటూ చోందమ్మ వచ్చింది. సంతలో గుమ్మడికాయ తట్టి చూసినట్టు వాడి చెంపలు తట్టింది, భుజాలు నొక్కింది, వంకర చెయ్యి పట్టుకుని ఊపింది.

"నిజంగా నువ్వేనా?"

"నేనే చిన్నమ్మా."

"నీకు తుపాకీ పేల్చారు. రాయి నిలబెట్టారు. అన్నం వండి ఊరికి పెట్టారు. అయినా వచ్చావు. నా వాడికి ఇవేవీ చెయ్యలేదు. వాడు రాకుండా ఎక్కడికి పోతాడు? అక్కడ చూశావా వాణ్ణి?"

"లేదు చిన్నమ్మా. సిపాయిల్ని వేరే చోట పెట్టారు."

అబద్ధం కాదు. ఉన్నమాటే చెప్పాడు పాపం. కాని ఆ "వేరే చోట" అన్న మాటని చోందమ్మ కొంగున ముడేసుకుంది. ఇంక ఆ ముడి విప్పడం ఎవరి తరమూ కాలేదు.

పోయాడని తుపాకీ పేల్చేశాక ఆ మనిషిని ఇంట్లోకి ఎలా రానివ్వాలని బాచిమాడ పెద్దలకి పెద్ద చిక్కొచ్చిపడింది. చచ్చినవాడు గడప దాటి లోపలికి వస్తే ఎలా? రోజంతా వాదించుకుని, మళ్ళీ పుట్టించాలని తేల్చారు. ఇక్కడ మగపిల్లాడు పుడితే ఆముదపు కాడతో చిన్న విల్లు చేసి వాడి చేతిలో పెట్టి, బయట ఒక్క తుపాకీ పేలుస్తారు. ముప్ఫై ఏళ్ళ మనిషిని, మీసాలున్నవాణ్ణి, చాప మీద కూర్చోబెట్టి చేతిలో ఆ బొమ్మ విల్లు పెట్టారు. కుట్టయ్య గారు అటక మీంచి తుపాకీ దింపి ఒక్క మోత మోగించారు. నేను కొంగు నోట్లో కుక్కుకున్నా నవ్వాగలేదు. పూవయ్య నా వైపు చూసి, "మెస్సక్కా, పాలు ఎప్పుడు పడతారు?" అన్నాడు. తర్వాత రెండేళ్ళకి దేచమ్మతో సంబంధం కుదిరినప్పుడు ఆడపెళ్ళివారు మొట్టమొదట అడిగింది, పెళ్ళికొడుకు బతికున్నట్టా పోయినట్టా అని.

ఆ చేత్తో ఇంక విమానం నడపడం కుదరదన్నారు. దళంలోంచి వచ్చేసి కాఫీ తోట చూసుకున్నాడు. యుద్ధం కబుర్లు చెప్పమంటే చెప్పేవాడు కాదు. ఒక్కసారి మాత్రం, పడిపోతున్నప్పుడు ఏమనుకున్నారని నేను అడిగితే చెప్పాడు.

"కింద ఆవాల చేను కనబడిందక్కా. బాగా పెంచిన చేను. పడ్డానంటే సగం పాడవుతుందే అనుకున్నాను. అలాగే అయింది. ఆ చేను గలాయన కర్రతో ఉతికాడు చూడు! యుద్ధం కోసం కాదు, చేను తొక్కినందుకు. నన్ను కొట్టినవాళ్ళల్లో న్యాయంగా కొట్టింది ఆయనొక్కడే."

ఊరి పురసభ ఎన్నికల్లో నిలబడమని ఊరివాళ్ళే బలవంతం చేశారు. ఒకసారి చచ్చినవాడు ఎవడికీ భయపడడని వాళ్ళ ధైర్యం. గెలిచాడు. గెలిచాక ఆయన చేసిన మొదటి పని, కుండపోత వానలో గొడుగేసుకుని కొండెక్కి కూర్చోవడం. ఒకరోజు కాదు, ఆ ఆషాఢమంతా. మతి పోయిందనుకున్నాం. పై నుంచి చూస్తే గాని నీళ్ళు ఏ దారిన పోతాయో తెలియదంటాడు. అంతకుముందు ప్రతి వానకీ సంత వీధిలో నీళ్ళు ఇళ్ళల్లోకి వచ్చేవి. నా మెస్సులో బెంచీలు తేలేవి. ఆయన చూసి తవ్వించిన రాతి కాలువలు వచ్చాక అది పోయింది. నా గుమ్మం ముందు కాలువ తవ్వొద్దని నేను చీపురు తిరగేసి పోట్లాడాను కూడా. "తవ్వకపోతే ఇడ్లీలు పడవలో వడ్డించాలక్కా," అని నవ్వి తవ్వించేశాడు.

ఆఫీసులో కూర్చునేవాడు కాదు. పొద్దున్నే వచ్చి బస్‌స్టాండు అరుగు మీద, తన పేరున్న రాయి కింద కూర్చునేవాడు. కుళాయి రాలేదన్నవాళ్ళు, వీధి దీపం వెలగలేదన్నవాళ్ళు, పక్కింటివాడి పంది తమ కందులు తినేసిందన్నవాళ్ళు అక్కడికే వచ్చేవాళ్ళు. ఎక్కడికి పోతున్నావంటే, "పోయినాయన దగ్గరికి" అనేవాళ్ళు. కొత్తగా వచ్చిన బస్సు కండక్టర్లు రాయి చదివి, కింద కూర్చున్న మనిషి పేరు విని బెదిరిపోతుంటే మాకు వినోదం.

సంత రోజు మంగళవారం. ఆ రోజు ఆయన పక్కన చోందమ్మ ఉండేది. వెదురు లేత కొమ్ములు, అడవి పుట్టగొడుగులు, సీమ మిరపకాయలు, పంది కూరలో పులుపుకి వేసే నల్లటి కాచంపులి బుడ్లు బుట్టలో పెట్టుకుని వచ్చి ఆ అరుగు మీదే అమ్మేది. సంతలో ఆయన కట్టించిన షెడ్డు ఉంది కదా, అక్కడ కూర్చోవచ్చు కదా అంటే, "చచ్చినవాడి పేరున కట్టారు, వాడు నడుచుకుంటూ వచ్చాడు. ఇంతకన్నా కలిసొచ్చే చోటు ఇంకోటుందా?" అనేది. మైసూరు బస్సు వచ్చినప్పుడు మాత్రం బేరం ఆపేసి, దిగేవాళ్ళందరినీ ఒకసారి చూసేది. ఆఖరివాడు దిగాక, "ఆఁ, ఎంతకిమ్మన్నావు?" అని బేరంలోకి వచ్చేది.

ఏడుపూ లేదు, మొత్తుకోవడమూ లేదు. మహా గడుసుది. వచ్చినప్పుడల్లా నాతో తగువే. చింతపండు దొరకని రోజు నేను కాచంపులి పోసి పులిహోర చేస్తే ఊరంతా లొట్టలేసుకుని తిన్నారు. ఆవిడొక్కతే, "పందికి వెయ్యాల్సింది అన్నానికి వేశావు, నీ దుంప తెగ" అని విస్తరి తోసేసింది. సర్కారు నుంచి, మొణ్ణప్ప పోయినట్టే లెక్క అని కాగితం వచ్చినప్పుడు, దాన్ని నాలుగు మడతలు పెట్టి ఎగుడుదిగుడుగా ఉన్న బియ్యపు డబ్బా కింద సర్దింది. ఇంకా అవతలి జైళ్ళల్లో కొందరు మిగిలారట అని పేపర్లో ఎప్పుడు పడ్డా మాత్రం నాచేత రెండుసార్లు చదివించుకునేది.

పూవయ్య ఒకసారి నోరు విప్పాడు. అప్పటికి ఇరవై ఏళ్ళు దాటాయి. నేను అక్కడే కాఫీ ఇస్తున్నాను.

"చిన్నమ్మా, మన మొణ్ణప్పకి కూడా పోయిన పెద్దల పూజలో పేరు చేర్చి..."

ఆయన మాట పూర్తి కాలేదు. వెదురు కొమ్ముల బుట్ట ఎగిరి ఆయన ఒళ్ళో పడింది.

"చేర్చడమేంట్రా? నిన్ను చేర్చారుగా, ఏమైంది? నువ్వు రావచ్చు, నా వాడు రాకూడదా? ఆఫీసరు కొడుకులకేనా తిరుగు దారి? సిపాయి తల్లికి లేదా?"

ఆయన ఒంటి చేత్తో ఆ కొమ్ములన్నీ ఏరి బుట్టలో పెట్టాడు. ఇంక ఎప్పుడూ ఆ ఊసెత్తలేదు.

తర్వాత రోడ్డు వెడల్పు చేసే పని వచ్చింది. ఇంజనీర్లు గీత గీస్తే బస్‌స్టాండు సరిగ్గా దాని మీదకి వచ్చింది. పడగొట్టి ఊరి చివర కొత్తది కడతామన్నారు. ఊళ్ళో చాలామందికి అదే మంచిదనిపించింది. బతికున్న మనిషి పేరున వీరమరణం అని రాసిన రాయి ఎన్నాళ్ళు ఉంచుకుంటాం? పూవయ్య ఒప్పుకోలేదు. రోడ్డుని అవతలి వైపు తిప్పమన్నాడు. అవతలున్నది ఆయన తోటే. గోడ కొట్టించాడు, మిరియాల తీగలు పాకిన చెట్లు కొట్టించాడు, కాఫీ మొక్కలు పీకించాడు. రోడ్డు మా ఊళ్ళో పాములా ఒక వంపు తిరిగి పోయింది. ఇప్పటికీ డ్రైవర్లు దాన్ని పూవయ్య వంపు అని తిట్టుకుంటూ తిప్పుతారు.

ఆ మాటే ఎన్నికల్లో ఆయన మెడకి చుట్టుకుంది. "తన పేరున్న రాయి కోసం ఊరి రోడ్డు వంకర చేసినవాడు" అని అవతలివాళ్ళు మైకులో ఊదరగొట్టారు. ఓడిపోయాడు. ఫలితం వచ్చిన సాయంత్రం నా మెస్సుకొచ్చి ఎప్పటిలాగే కాఫీ అడిగాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"మీకేమైనా బుద్ధుందా అన్నా? ఆ రాయి మీద మీకు మోజు లేదని నాకు తెలుసు. చోందమ్మ కోసమని ఒక్క మాట చెప్తే ఏం పోయింది?"

"ఏమని చెప్పనక్కా? ఆవిడ కొడుకు రాడు, కాని వస్తాడని అక్కడ కూర్చుంటోంది, అందుకని రోడ్డు తిప్పానని మైకులో చెప్పనా? ఆవిడ ముందు వరసలోనే కూర్చుంటుంది."

"రాడని మీకు తెలుసా?"

"నాతో ఉన్నవాళ్ళందరూ ఎప్పుడో వచ్చేశారు."

"మరి ఆవిడకి గట్టిగా చెప్పండి. ఎన్నాళ్ళిలా?"

ఆయన గ్లాసు కింద పెట్టాడు. "నా మొహం చూసే కదా ఆవిడ నమ్ముతోంది. నేను రాకపోయి ఉంటే ఆ ఏడాదే ఏడ్చి, వాడికి చెయ్యాల్సింది చేసి ఊరుకునేది. నా మొహమే వస్తాడు వస్తాడని చెప్తుంటే, నా నోరు రాడంటే వింటుందా?"

ఇంకో కాఫీ పోసిచ్చాను.

ఐదేళ్ళకి మళ్ళీ ఆయనే గెలిచాడు. కాలువల్లో పూడిక తీసే దిక్కు లేక సంత వీధి మళ్ళీ మునిగింది. అప్పుడు గుర్తొచ్చాడు. కుట్టయ్య గారు పోయారు, మా ఆయన పోయాడు, కావేరమ్మ పోయింది. ప్రతిసారీ కొండ మీద రెండేసి మోతలు. పూవయ్య జుట్టు తెల్లబడింది. చోందమ్మ నడుం వంగింది. బుట్టలో సరుకు తగ్గింది. మంగళవారాలు మాత్రం తగ్గలేదు. వాన పడితే ఆయనే జీపులో తెచ్చి దింపేవాడు. ఇద్దరూ ఆ రాయి కింద కూర్చుని ఒకే పొట్లంలో పకోడీలు తినేవాళ్ళు. "నీ పళ్ళు ఊడినా నీ రాయి మీద అక్షరాలు ఊడలేదురా," అని ఆవిడ వెక్కిరించేది. "మంచి పనివాడు చిన్నమ్మా," అనేవాడు.

ఆయనకి గుండె జబ్బు వచ్చింది. మంచం పట్టాక చూడ్డానికి వెళ్తే, భార్య దేచమ్మ ఎదురుగానే నాతో అన్నాడు: "నాకు తుపాకీ పేల్చొద్దని చెప్పానక్కా. నావి ఎప్పుడో అయిపోయాయి." వేళాకోళం అనుకుని నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. ఎందుకో అడిగితే కళ్ళు మూసుకున్నాడు.

ఆయన పోయింది ఒక మంగళవారం పొద్దున. నాకు దేచమ్మ తమ్ముడు ఫోన్ చేశాడు. ఊళ్ళో అందరికీ అలాగే ఫోన్లో తెలిసింది. షట్టర్లు దిగాయి, సంత సర్దేసుకుంటున్నారు. చోందమ్మ చేతిలో ఫోన్ ఉండదు. ఆ అరుగు మీద మిరపకాయలు కుప్పలు పెడుతోంది. ఆవిడకి చెప్పాల్సిన పని నా నెత్తిన పడింది.

"చోందమ్మా, పూవయ్యన్న పోయాడు."

"మోగలేదే?"

"ఫోన్లో చెప్పారు."

"ఫోన్లో చెప్తే పోయినట్టా?" అంది. కాని మిరపకాయలు బుట్టలోకి తోసి, నా భుజం పట్టుకుని లేచింది. ఆటో ఎక్కించుకుని తీసుకెళ్ళాను. దారంతా బయటికే చూసింది.

అక్కడ పెద్ద రభస. కుట్టయ్య గారి కొడుకు తిమ్మయ్య, ఇప్పుడు ఆ ఇంటికి పెద్ద, తుపాకీ పట్టుకుని వాకిట్లో నిలబడ్డాడు. దేచమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఆయన వద్దన్నారు. మాటిచ్చాను."

"బాచిమాడ ఇంటివాణ్ణి మోత లేకుండా పంపితే ఊరు నవ్వదా వదినా? యుద్ధం చేసినవాడు!"

"ఒకసారి పేల్చారు కదయ్యా, ఒక మనిషికి రెండుసార్లు ఎక్కడైనా ఉందా?" అన్నారొక పెద్దాయన.

"మళ్ళీ పుట్టించినప్పుడు ఒకటి పేల్చారు. కాబట్టి మళ్ళీ పోయినందుకు రెండు పేల్చాలి," అన్నారు ఇంకొకాయన.

"శవం ముందు ఇదేం తగువయ్యా, సిగ్గు లేదూ?" అని నేను కేకేశాను. ఎవరూ వినలేదు.

చోందమ్మ వాళ్ళ మధ్యలోంచి కర్ర పొడుచుకుంటూ లోపలికి వెళ్ళింది. పూవయ్యని నడవలో పడుకోబెట్టారు. ఆవిడ పక్కన కూర్చుని ఆయన చెంపలు తట్టింది. భుజాలు నొక్కింది. ఆ వంకర చెయ్యి పట్టుకుని కాస్త ఊపింది. బస్సు దిగిన రోజు ఎలా చూసిందో అలాగే. చూసి, చెయ్యి మెల్లగా కింద పెట్టింది.

"తిమ్మయ్యా," అని పిలిచింది. "తుపాకీలో తూటాలున్నాయా?"

"ఉన్నాయి చిన్నమ్మా. నువ్వైనా వదినకి చెప్పు."

"వీడివి మీ నాన్న ఎప్పుడో పేల్చేశాడు. నేను విన్నాను, ఊరంతా విన్నది. అవి వీడివే. ఈ రెండూ మా మొణ్ణప్పకి పేల్చు."

దేచమ్మ గుమ్మంలోంచి పక్కకి జరిగింది. పూవయ్య ఎందుకు వద్దన్నాడో అప్పుడు తెలిసింది నాకు. ఆయన ఆవిణ్ణి అడగలేకపోయాడు. ఆ రెండు మోతల చోటు మొణ్ణప్పకి ఖాళీ ఉంచి వెళ్ళాడు.

"పోయాడన్నవాడు వచ్చాడు కదా, నా వాడు మాత్రం రాడా అని ఇన్నేళ్ళూ వీడి మొహం చూస్తూ కూర్చున్నాను," అంది చోందమ్మ. "ఇప్పుడు వీడే పోయాడు. ఇంకెవరి మొహం చూడను? పేల్చు నాయనా. పొద్దెక్కుతోంది."

తిమ్మయ్య బయటికి నడిచాడు. ఆవిడా వెళ్ళి వాడి పక్కన నిలబడింది. వాడు తుపాకీ ఆకాశంలోకి ఎత్తితే, ఎముకల్లాంటి చెయ్యి వాడి మోచేతి మీద వేసింది. ఒకటి మోగింది. ఊపిరి తీసుకునేలోపు ఇంకోటి. చోందమ్మ అక్కడే మట్టిలో కూలబడి, "మొణ్ణా! ఒరే మొణ్ణా!" అని ఏడ్చింది. ఆవిడ ఏడుపు నేను వినడం అదే మొదలు. నేనూ పక్కన కూలబడి, ఆవిణ్ణి పట్టుకుని ఏడ్చాను. సిగ్గెందుకు?

కాసేపటికి కొండ కింది నుంచి జనం ఎక్కడం మొదలైంది. పూవయ్య సంగతి ఫోన్లో తెలియనివాళ్ళు, పొలాల్లో ఉన్నవాళ్ళు, మోతలు విని పనులు వదిలేసి వస్తున్నారు. అందరికన్నా ముందు వాగు అవతలి ఉత్తయ్య వచ్చాడు. మోకాళ్ళ దాకా బురద, భుజాన పార. వాకిట్లో మట్టిలో కూర్చున్న ముసలావిణ్ణి చూసి ఆగాడు.

"ఎవరు పోయారవ్వా?"

చోందమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుని తలెత్తింది.

"మా మొణ్ణప్ప. నా కొడుకు."

ఉత్తయ్య పార కింద పెట్టి, తలగుడ్డ తీసి, ఆవిడ ముందు నిలబడ్డాడు. వెనకాలే ఇంకొకరు వచ్చారు, ఆ వెనక ఇంకొకరు. ఇంటికొకరు చొప్పున ఊరు వస్తూనే ఉంది. వచ్చి అడిగిన ప్రతివాళ్ళకీ ఆవిడే చెప్పింది.